తోడేలు అడిగితే అడ్రస్ చెప్పేయాలా?



యాన్యువల్ డే దగ్గర పడిందంటే టీచర్లందరికీ వినిపించే ప్రశ్న ఒకటుంది. "మా బాబుకు ఎన్ని డైలాగులు ఇచ్చారు?" అడగడంలో తప్పేమీ లేదు. ఫీజు కట్టి, కాస్ట్యూమ్‌కు డబ్బులిచ్చి, ఊరి నుంచి అమ్మమ్మను, తాతను వెంటబెట్టుకుని వస్తారు. పిల్లవాడు స్టేజీ మీద కనబడాలని, వాడి గొంతు వినబడాలని మీకు ఉంటుంది. అయితే ఇంగ్లిష్ నాటకం విషయంలో నేను మీ ముందు ఇంకో ప్రశ్న పెట్టదలచుకున్నాను. మీ పిల్లలు ఆ నాటకంలో ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారు?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రైమరీ పిల్లలతో వేయించే ఇంగ్లిష్ నాటకం బట్టీ పట్టిన మాటలు అప్పజెప్పే కార్యక్రమం కాకూడదు. అందరికీ తెలిసిన ఒక కథను పిల్లలే మన ఊరికి తెచ్చుకోవాలి. తమకు కావలసిన మాటలను ఇంగ్లిష్‌లో వెతుక్కోవాలి. వాటిని సొంత గొంతుతో పలకాలి. అందులోనూ జవాబులకంటే ప్రశ్నలు ఎక్కువ ఉండాలి. ఎందుకో చెప్పడానికి పిల్లలందరికీ తెలిసిన కథనే తీసుకుంటాను. అది ఎర్ర టోపీ పిల్ల కథ, అంటే లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్.

పెదవులు ఆడితే చాలా?

చాలాచోట్ల పిల్లల ఇంగ్లిష్ నాటకం ఒకే పద్ధతిలో తయారవుతుంది. స్క్రిప్టు ఇంటర్నెట్ నుంచి వస్తుంది. ఇంగ్లిష్ గడగడా చదివే నలుగురికి పెద్ద పాత్రలు ఇస్తారు. మిగతావాళ్లు చెట్లు, పూలు, కుందేళ్లు అవుతారు. ఆ రోజు మైకులు సరిగా పని చేయవేమోనని డైలాగులన్నీ ముందే రికార్డు చేసి స్పీకర్లలో వేస్తారు. పిల్లలు పెదవులు ఆడిస్తారు. వీడియో చక్కగా వస్తుంది. అందరం చప్పట్లు కొడతాం.

కానీ నెల రోజులు చెట్టు వేషం వేసిన పాప ఒక్క ఇంగ్లిష్ వాక్యమైనా కొత్తగా వాడిందా? ఎదుటి పిల్ల తన మాట మరచిపోతే ఆట ఆగకుండా ఏం అనాలో తోడేలు వేషం వేసిన బాబుకు తెలిసిందా? రికార్డింగులో ఎవరూ ఏదీ మరచిపోరు. అందుకే అక్కడ ఎవరూ ఎవరి మాటా వినాల్సిన పని ఉండదు. భాష నేర్చుకోవడంలో సగం వినడమే. ఎదుటివాళ్లు ఏమన్నారో విని, దానికి తగిన మాట అనడమే సంభాషణ. ఆ సగం తీసేశాక మిగిలేది నాటకం కాదు, డాన్స్ లాంటిది. డాన్స్ మంచిదే. కాకపోతే దానికి ఇంగ్లిష్ అక్కర్లేదు.

అసలు కథ ఏది?

"కథను మార్చేస్తే పిల్లలకు అసలు కథ తెలియకుండా పోదా?" అని కొందరు అడుగుతారు. ఈ కథకు అసలు రూపం ఇదీ అని చూపించడం చాలా కష్టం.

ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో అనే రచయిత ఈ కథను 1697లో అచ్చు వేయించాడు. ఆయన కథలో తోడేలు అమ్మమ్మనూ తింటుంది, పిల్లనూ తింటుంది. అంతటితో కథ అయిపోతుంది. కాపాడేవాళ్లు ఎవరూ రారు. ముక్కూమొహం తెలియని వాళ్లతో మాటలు కలపవద్దనే నీతిని చివర చేర్చాడు. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు వేసిన పుస్తకంలో వేటగాడు వచ్చి ఇద్దరినీ బతికిస్తాడు. ఫ్రాన్స్ పల్లెల్లో జనం నోట నిలిచిన మరో రూపంలో ఎవరి సాయమూ లేకుండా ఆ పిల్లే తప్పించుకుంటుంది. బయటికి పోవాలని వంక చెబుతుంది. తోడేలు ఆమె కాలికి తాడు కట్టి పంపిస్తుంది. ఆమె ఆ తాడు విప్పి చెట్టుకు కట్టేసి ఇంటికి పరుగెడుతుంది. చైనా, కొరియా, జపాన్ వైపు చెప్పుకునే ఇలాంటి కథల్లో తోడేలు బదులు పులి అమ్మమ్మలా వేషం వేసుకుని వస్తుంది. ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమీ టెహ్రానీ అనే పరిశోధకుడు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఈ కథకూ దీని చుట్టపు కథలకూ సంబంధించిన 58 రూపాలను పోల్చి చూశాడు.

అంటే ఈ కథ ఏ దేశానికి వెళితే ఆ దేశపు బట్టలు కట్టుకుంది. అక్కడి అడవిలో తిరిగింది. అక్కడి తిండి గంపలో పెట్టుకుంది. మన పిల్లలు దీన్ని మన ఊరికి తెచ్చుకుంటే కథను పాడు చేసినట్టు కాదు. మూడు వందల ఏళ్లకు పైగా జనం ఈ కథతో చేస్తున్న పనే వాళ్లూ చేస్తున్నారు.

ఆ పిల్ల ఏం చేసింది?

కథను మరోసారి గుర్తు చేసుకోండి. దారిలో తోడేలు ఎదురై ఎక్కడికి పోతున్నావని అడుగుతుంది. ఆ పిల్ల చెప్పేస్తుంది. మీ అమ్మమ్మ ఇల్లు ఎక్కడ అని అడుగుతుంది. దానికీ చెప్పేస్తుంది. గ్రిమ్ సోదరుల కథలోనైతే అడవిలో ఇంకా ఎంత దూరం పోవాలో, ఏ చెట్ల కింద ఆ ఇల్లు ఉందో గుర్తులతో సహా చెబుతుంది. గట్టిగా, స్పష్టంగా, మర్యాదగా చెబుతుంది. మా క్లాసులో అయితే ఆ జవాబుకు ఐదుకు ఐదు మార్కులు వేస్తాం!

నాకు ఈ కథలో కనబడే అసలు ప్రమాదం ఇదే. పెద్దవాళ్లు ఎవరు ఏది అడిగినా పూర్తి వాక్యంలో జవాబు చెప్పడం మన పిల్లలకు ఎల్‌కేజీ నుంచి నేర్పిస్తున్నాం. పేరు చెప్పు, నాన్న పేరు చెప్పు, ఊరు చెప్పు, ఫోన్ నంబర్ చెప్పు అంటాం. చుట్టాలు వచ్చినా అదే పరీక్ష. "మీరెవరు? మీకెందుకు?" అని తిరిగి అడగడం మాత్రం ఎక్కడా నేర్పడం లేదు. ఎదుటి మనిషి ఎవరో తెలియనప్పుడు ఆ రెండు మాటలే పిల్లలకు మొదటి కాపలా.

గ్రిమ్ సోదరుల కథ చివర ఇంకో చిన్న భాగం ఉంది. చాలా పుస్తకాల్లో దాన్ని వదిలేస్తారు. ఆ పిల్లకు మరోసారి ఇంకో తోడేలు ఎదురవుతుంది. ఈసారి ఆమె ఆగదు, మాటల్లో పడదు. నేరుగా అమ్మమ్మ దగ్గరికి పోయి జరిగింది చెబుతుంది. ఇద్దరూ కలిసి తలుపు గడియ వేసుకుంటారు. నాటకంలో ఉండాల్సిన భాగం ఇదేనని నేను అంటాను. తెలివి వచ్చిన తర్వాత పిల్ల ఎలా ఉంటుందో పిల్లలు చూడాలి కదా.

ప్రశ్నలే ఎందుకు?

భాష వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. తెలుగు మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్‌లో జవాబు కంటే ప్రశ్న కష్టం. తెలుగులో "వచ్చావు" అనే మాటకు చివర దీర్ఘం తీసి "వచ్చావా?" అంటే ప్రశ్న అయిపోతుంది. "నువ్వు ఎక్కడికి పోతున్నావు?" అనడానికి మాటల వరుసను మార్చాల్సిన పని లేదు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. వరుస తిరగబడాలి. పైగా డు, డజ్, డిడ్ లాంటివి మధ్యలోకి రావాలి. అందుకే మన పిల్లలు "వేర్ యూ ఆర్ గోయింగ్?" అంటారు, "వై యూ డిడ్ నాట్ కేమ్?" అంటారు. ఇది తెలివి తక్కువై చేసే తప్పు కాదు. తెలుగు అలవాటు ఇంగ్లిష్‌లోకి వస్తోంది, అంతే. అలవాటును రూల్ మార్చదు, ఇంకో అలవాటే మార్చాలి. నలభై మంది ఉన్న క్లాసులో నలభై నిమిషాల పీరియడ్ అంటే ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. ఆ నిమిషంలో కూడా ప్రశ్న అడిగేది టీచరే, పిల్లలు జవాబు చెబుతారు.

మేం బీఈడీ చదివేటప్పుడు మైక్రో టీచింగ్ అని ఉంటుంది. అందులో ప్రశ్నలు వేయడం ఎలాగో మాకు ఒక ప్రత్యేక నైపుణ్యంగా నేర్పిస్తారు. డిగ్రీ చదివి వచ్చినవాళ్లకే ప్రశ్న వేయడం నేర్పాల్సి వస్తే, తొమ్మిదేళ్ల పిల్లలకు పరాయి భాషలో అది దానంతటదే ఎలా వస్తుంది?

నాటకంలో మాత్రం అడగక తప్పని పరిస్థితి పిల్లలకు వస్తుంది. పైగా రిహార్సల్‌లో ఒకే ప్రశ్నను ముప్పై సార్లు అడిగినా ఎవరికీ విసుగు రాదు. ఎందుకంటే అది ఎక్సర్‌సైజ్ కాదు, కథ.

మన ఏడు చేపలు

ఈ విషయంలో మన ఇంట్లోనే గొప్ప నమూనా ఉంది. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపల కథ. ఎండని చేపను అడిగితే అది గడ్డిమేటు మీద చెబుతుంది. గడ్డిమేటు ఆవు మీద, ఆవు పశువుల కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్ల మీద, పిల్ల చీమ మీద. చివరికి చీమ తన న్యాయం తాను చెప్పుకుంటుంది. ఈ కథ వినని తెలుగు పిల్లలు ఉండరు. కథంతా ఎందుకు చేయలేదు, ఫలానా దాని వల్ల చేయలేదు అనే రెండు వాక్యాల మీదే నడుస్తుంది. ఆ రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో "వై డిడ్ంట్ యూ?", "బికాజ్". మన పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. అమ్మమ్మలు, నానమ్మలు ఏ ట్రైనింగూ లేకుండా ఇన్ని తరాలుగా చెబుతున్నది ఒక మంచి భాషా పాఠం.

నేను చెప్పేది ఈ రెండు కథలను కలపమని. ఎర్ర టోపీ పిల్లకు ఏడు చేపల కథలోని ప్రశ్నలు ఇద్దాం.

రాజంపేటలో తోడేలు

ఉదాహరణకు ఇలా అనుకోండి. డిసెంబర్ చలి. మన పిల్ల ఎర్ర మంకీ క్యాప్ పెట్టుకుంది. టిఫిన్ డబ్బాలో వేడి సర్వపిండి, చిన్న బెల్లం ముక్క ఉన్నాయి. అమ్మమ్మ ఉండేది ఊరి బయట బావి కాడ ఇంట్లో. మక్క చేను, చెరుకు తోట పక్క నుంచి పోవాలి. తోడేలు ఎల్లారెడ్డి వైపు పోచారం అడవి నుంచి వచ్చింది. మెదక్, కామారెడ్డి జిల్లాల్లో పరచుకున్న ఆ అభయారణ్యంలో తోడేళ్లు ఉన్నాయి కాబట్టి మన తోడేలు యూరప్ నుంచి రావాల్సిన పని లేదు.

దారిలో తోడేలు అడుగుతుంది. "వేర్ ఆర్ యూ గోయింగ్?" మన పిల్ల జవాబు చెప్పదు. "హూ ఆర్ యూ?" అంటుంది. తోడేలు తియ్యగా ఇంకేదో అడుగుతుంది. "వై డు యూ వాంట్ టు నో?" అంటుంది. తోడేలు గొణుక్కుంటూ చేనులోకి పోయి, దొంగదారిన ముందే బావి కాడికి చేరుతుంది.

పిల్ల అక్కడికి పోయేసరికి కుక్క అరవలేదు. రోజూ అరిచే కుక్క ఎందుకు అరవలేదు? "వై డిడ్ంట్ యూ బార్క్?" అని అడుగుతుంది. కోడి నన్ను లేపలేదంటుంది కుక్క. కోడిని అడిగితే అమ్మమ్మ నాకు గింజలు వేయలేదంటుంది. అమ్మమ్మ గింజలు ఎందుకు వేయలేదు? పొద్దున్నుంచి తలుపు మూసే ఉందంటుంది కోడి. ఇంట్లోకి అడుగు పెట్టకముందే ఏదో తేడా జరిగిందని పిల్లకు తెలిసిపోయింది. మూడు ప్రశ్నలతోనే తెలిసింది.

కిటికీ లోంచి చూస్తే మంచం మీద గొంగడి కప్పుకుని ఎవరో పడుకున్నారు. పిల్ల బయటి నుంచే అడుగుతుంది. "నన్ను ముద్దుగా ఏమని పిలుస్తావు?" ఇంగ్లిష్‌లో "వాట్ డు యూ కాల్ మీ?" తోడేలుకు ఏం తెలుసు? నీళ్లు నములుతుంది. అప్పుడు పిల్ల లోపలికి పోదు. మేకలు కాసే తాతను, పాలు పోసి వస్తున్న అత్తను, బస్సు దిగిన కండక్టరును కేకేసి పిలుస్తుంది. అమ్మమ్మ ఎక్కడుంది? తోడేలును చూసి ముందే గడ్డివాము వెనక దాక్కుంది. అమ్మమ్మకు కూడా మనవరాలి తెలివే ఉంది మరి.

ఇది ఒక నమూనా మాత్రమే. ఐదో తరగతి పిల్లలకు ఇస్తే వాళ్లు ఇంతకంటే మంచిది కడతారు. తోడేలు బండి మీద వస్తుందని ఒకరు అంటారు. ఫోన్ చేస్తుందని ఇంకొకరు అంటారు. పిల్ల 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలని మరొకరు అంటారు. అలా వాదించుకుంటున్నప్పుడే మాటల అవసరం పుడుతుంది. "టీచర్, గొంగడిని ఇంగ్లిష్‌లో ఏమంటారు?" అని అడిగిన పిల్లకు ఉలెన్ బ్లాంకెట్ అనే మాట ఇక మరుపు రాదు. డిక్టేషన్ కోసం నేర్చిన మాట పరీక్ష దాకా ఉంటుంది. కావాలని వెతుక్కున్న మాట మనతోనే ఉండిపోతుంది.

వంత పాడేవాళ్లు

మాట్లాడాలంటే బిగుసుకుపోయే పిల్లల సంగతేంటి? దీనికీ మన దగ్గరే దారి ఉంది. ఒగ్గుకథ చూసినవాళ్లకు తెలుసు. అసలు కథకుడు ఒక్కడే అయినా పక్కన వంత లేకపోతే కథ నడవదు. బుర్రకథలో కూడా కథకుడికి అటూ ఇటూ ఇద్దరు ఉంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. వాళ్లు కథకుడి మాట అందుకుంటారు, మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు, చూసేవాళ్ల తరఫున ఆశ్చర్యపోతారు.

ఇంగ్లిష్ నాటకంలో ఇలాంటి వంత బృందం పెడితే చెట్టు వేషాల అవసరం తీరిపోతుంది. పది మంది పిల్లలు ఒకే ప్రశ్నను ఒకే గొంతుతో అడుగుతారు. తప్పు పోయినా ఎవరిదో తెలియదు. భయం తగ్గుతుంది. రెండు వారాలు గుంపులో అడిగిన పిల్ల మూడో వారం ఒంటరిగా అడగడానికి ముందుకు వస్తుంది. వాక్యం ఏడెనిమిది మాటలు దాటకూడదు. ఒకే నమూనా వాక్యం నాలుగైదు చోట్ల తిరిగి రావాలి. ప్రతి పిల్లకూ కనీసం ఒక ప్రశ్న సొంతంగా ఉండాలి.

వంతలో ఒకరు తెలుగులో అడగాలని కూడా నా కోరిక. "ఏమైందంట?" అని ఆ పిల్ల అడిగితే, ఇంకొకరు ఇంగ్లిష్‌లో చెబుతారు. ముందు వరుసలో కూర్చున్న మన అమ్మమ్మలకు, తాతలకు కథ అర్థమవుతుంది. అమ్మమ్మ గురించి నాటకం వేసి, అమ్మమ్మకు అర్థం కాకుండా వేయడం ఏం బాగుంటుంది? తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. కొందరి ఇళ్లలో ఉర్దూ. వాళ్లకు ఇంగ్లిష్ మూడో భాష. మేకల తాత ఒక మాట లంబాడీలో అని, మన పిల్ల దాన్ని ఇంగ్లిష్‌లో తిరిగి చెబితే, ఆ పిల్లల ఇంటి భాషకు కూడా స్టేజీ మీద చోటు దొరుకుతుంది.

మీ సందేహాలు

"ఇంగ్లిష్ కోసం చేర్పిస్తే రిహార్సల్‌లో తెలుగు మాట్లాడిస్తారా?" కథ ఎలా ఉండాలో ఆలోచించేటప్పుడు తెలుగు, వేసేటప్పుడు ఇంగ్లిష్. ఆలోచనే లేకపోతే ఇంగ్లిష్‌లో చెప్పడానికి ఏముంటుంది? 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని అంటోంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. తెలుగు బలంగా ఉన్న పిల్లకు ఇంగ్లిష్ త్వరగా వస్తుందని క్లాసులో మేం రోజూ చూస్తున్నాం.

"సిలబస్ వెనకబడదా?" వారానికి రెండు పీరియడ్ల చొప్పున ఆరు వారాలు అంటే 12 పీరియడ్లు. జరిగిపోయిన కాలం, ప్రశ్న వాక్యాలు, కారణం చెప్పే వాక్యాలు ఎలాగూ ఇంగ్లిష్ సిలబస్‌లో ఉన్నవే. వాటిని బోర్డు మీద కాకుండా బావి కాడ నేర్చుకుంటారు.

"తోడేలు, కడుపు కోయడం, ఇవన్నీ పిల్లలకు భయం కాదా?" కడుపు కోసే ఘట్టం మనకు అవసరం లేదు. భయం మాత్రం కాస్త ఉండాలి. భయపడిన పిల్ల ఏం చేసిందో చూపించడమే ఈ కథ చేసే మేలు.

"స్టేజీ మీద తప్పులు వస్తే?" వస్తాయి. రికార్డింగుతో పోలిస్తే నాటకం గరుకుగా ఉంటుంది. గొంతు వెనక వరుసకు వినబడకపోవచ్చు. మీ ఫోన్‌లో వీడియో అంత బాగా రాకపోవచ్చు. ఇది నిజమే, దాచడం లేదు. అందుకే ఈ నాటకాలు పెద్ద స్టేజీ మీదే వేయాలని నేను పట్టుబట్టడం లేదు. ఒక శనివారం, ఒక్కో క్లాసు పిల్లలు వాళ్ల తల్లిదండ్రుల ముందు క్లాసులోనే వేయవచ్చు. పదిహేను నిమిషాలు చాలు. మైకు అక్కర్లేదు. యాన్యువల్ డే పాటలతో, డాన్సులతో దాని పాటికి అది ఘనంగా జరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంగ్లిష్‌లో పుస్తకాలు, ఇంగ్లిష్‌లో పరీక్షలు ఇప్పుడు అక్కడా ఉన్నాయి. అది మంచి పరిణామమే. అయితే ఫీజు కట్టే మీరు మమ్మల్ని అడగాల్సింది మీడియం గురించి మాత్రమే కాదు. మా పిల్ల ఆ భాషను ఏ పనికి వాడగలదు అని అడగండి. రేపు కాలేజీలో లెక్చరర్‌ను డౌట్ అడగాలి. ఆస్పత్రిలో డాక్టర్‌ను ఈ మందు దేనికని అడగాలి. ఇంటర్వ్యూలో జీతం ఎంతని అడగాలి. బాగా చదివిన పిల్లలే అక్కడ తల వంచుకుని నిలబడటం మనం చూస్తున్నాం. వాళ్లకు ఇంగ్లిష్ రాక కాదు. అడగడం రాదు.

ఇంట్లో మీ వంతు

ఈ నాటకం బాగా జరగాలంటే మీ సాయం కావాలి. ఖర్చు లేని పనులే అడుగుతున్నాను.

మొదటిది, ఈ నెలలో ఒక రాత్రి ఇంట్లో పెద్దవాళ్లతో ఏడు చేపల కథ చెప్పించండి. తెలుగులోనే, లేదా మీ ఇంట్లో ఏ భాష ఉంటే ఆ భాషలో. ప్రతి ఇంట్లో కథ కొంచెం మారుతుంది. ఆ తేడాలనే పిల్లలు క్లాసుకు తెస్తారు.

రెండోది, మీ ఇంటికి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పిల్లలతో కలిసి పెట్టుకోండి. "మీ నాన్న తీసుకు రమ్మన్నాడు" అని ఎవరైనా బడి బయట అంటే ఆ మాట అడగమని చెప్పండి. నాటకంలో కిటికీ దగ్గర అడిగే ప్రశ్న అప్పుడు నిజంగా పనికి వస్తుంది.

మూడోది, డైలాగులు బట్టీ పట్టించకండి. "ఈరోజు నీ క్లాసులో ఎవరిని ఏం అడిగావు?" అని అడగండి. ఇంగ్లిష్ రాదని వెనకాడకండి. తోడేలు పాత్ర మీరు తీసుకుని తెలుగులో అడగండి, పిల్లలు ఇంగ్లిష్‌లో ఎదుర్కొంటారు.

నాలుగోది కొంచెం కష్టం. ఇలా నేర్చుకున్న పిల్లలు ఇంట్లో కూడా అడుగుతారు. "ఎందుకు నాన్నా?" అంటారు. "నాకెందుకు చెప్పలేదు?" అంటారు. ఎదురు ప్రశ్నలు వేయకు అనడం మనకు అలవాటు. మర్యాద లేకుండా ఎదురు మాట్లాడటం వేరు, తెలుసుకోవాలని అడగడం వేరు. మొదటిది కనబడితే తప్పకుండా సరిదిద్దుదాం. రెండోదానికి మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పండి. మన దగ్గర నోరు మూయించుకున్న పిల్ల తోడేలు దగ్గర నోరు తెరుస్తుందని ఆశించలేం.

ఈ పద్ధతి మీద మీ అభిప్రాయాలు, అభ్యంతరాలు వచ్చే పేరెంట్స్ మీటింగులో చెప్పండి, లేదా పిల్లల డైరీలో రాసి పంపండి. మీ ఇంట్లో చెప్పుకునే ఏడు చేపల కథ మిగతావాళ్ల కథకంటే వేరుగా ఉంటే అది కూడా రాయండి. మా నాటకానికి పనికి వస్తుంది.